ఎర్ర అంచున దారపు ముడి

తెల్లవారుజాము వెలుగు ఇంకా సరిగా పడలేదు. గౌదెన్సియోను పాకలోంచి బయటికి ఈడ్చుకొచ్చారు. డెబ్భై రెండేళ్ళ మనిషి. ఒంటిమీద చొక్కా లేదు. పెద్ద మేస్త్రీ పొలికార్పో ఆయన మెడ పట్టుకుని, గుమ్మం పక్కన వెదురు గడకు కట్టిన జెండా వైపు తల తిప్పాడు.

"ఏ రంగు పైనుంది? చెప్పు!"

"నీలమే కదా బాబూ," అన్నాడు ముసలాయన.

కాపలావాళ్ళు నవ్వారు. ఒకడు తుపాకీ మడమతో ఆయన మోకాలి వెనక కొట్టాడు. ఆయన కూలబడ్డాడు. వెనకాల పోలీసు జీపు ఇంజను ఆపకుండానే నిలబడి ఉంది.

పైన ఉన్నది ఎరుపు. నీలం పైనుంటే దేశం చల్లగా ఉన్నట్టు, ఎరుపు పైనుంటే యుద్ధం వచ్చినట్టు. ఫిలిప్పీన్స్‌లో ఒకటో తరగతి పిల్లనడిగినా చెబుతుంది. ఆ చెరకు తోట బడిలో ఒకటో తరగతి పిల్లలకు ముప్ఫై ఏళ్ళ పాటు ఆ సంగతి చెప్పింది గౌదెన్సియోనే. బడి బంట్రోతు ఆయన. పొద్దున్నే జెండా ఎక్కించడం, సాయంత్రం దించి మడత పెట్టడం ఆయన పని. ఇప్పుడు రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మాయి. నీలమూ ఎరుపూ ఆయనకు ఒకటే చీకటి.

"పొరపాటు జరిగుంటుంది. నా చేతులతో నేనే సరిచేస్తాను. ఒక్క నిమిషం ఓపిక పట్టు బాబూ."

"పొరపాటా? కొండల్లో తుపాకులు పట్టినోళ్ళకి సైగ చేస్తన్నావా ముసలోడా? యుద్ధమొచ్చిందా నీకు? ఎవడి మీద? తోట దొర సెన్యోర్ మీదా?"

కూతురు క్రిసాంత పెరట్లోంచి పరుగున వచ్చి మేస్త్రీకి అడ్డం పడింది. "ఆయనకి కళ్ళు కనపడవని తోటంతటికీ తెలుసు. నీకూ తెలుసు పొలికార్పో! గుండెమీద చెయ్యి ఎటు పెట్టుకోవాలో నీకు నేర్పిందే ఆయన!"

"అందుకే నీ మొహం చూసి పాక తగలెట్టకుండా పోతన్నాం. పక్కకి జరుగు."

ముసలాయన్ని ఎక్కించుకుని జీపు వెళ్ళిపోయింది. చుట్టూ ఇరవై తొమ్మిది పాకలు, ఇరవై తొమ్మిది తలుపు సందులు, అన్నింటి వెనకా కళ్ళున్నాయి. ఒక్కరూ గడప దాటలేదు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ ఏడాది గడప దాటిన ఇద్దరు మగాళ్ళు చెరకు తోటలో శవాలై దొరికారు.

క్రిసాంత జెండా విప్పింది. మడత పెడుతుంటే బొటనవేలికి చిన్న దారపు ముడి తగిలింది. ఎర్ర అంచున తగిలింది. ఆమె అక్కడే మట్టిలో చతికిలపడిపోయింది.

ఆ ముడి వేసింది ఆమే.

నాలుగేళ్ళ కింద తండ్రికి చూపు మందగించినప్పుడు తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి పెట్టుకున్న ఏర్పాటది. జెండా నీలం అంచున పై మూల ఒక దారపు ముడి. వేలికి ముడి తగిలితే అదే పైవైపు. కళ్ళు లేకపోయినా ఎవరినీ అడగకుండా జెండా కట్టుకోగలననే గర్వం ముసలాయనకు మిగలాలని ఆమె ఆశ.

ఈసారి మే నెలలో సెన్యోర్ లియాండ్రో దగ్గర్నుంచి గుడ్డల మూట వచ్చింది. మే ఇరవై ఎనిమిది నుంచి జూన్ పన్నెండున స్వాతంత్ర్య దినం దాకా ప్రతి పాక మీదా జెండా ఎగరాలి. పన్నెండున మనీలా నుంచి మంత్రిగారు, ఆయన వెంట విదేశీ కంపెనీవాళ్ళు వస్తున్నారు. ముప్ఫై చిన్న జెండాలు, ఒక పెద్ద జెండా కుట్టాలి. కూలి మాట ఎవరూ ఎత్తలేదు. అది చచ్చిన కాలం. చక్కెర మిల్లు మూతపడి మళ్ళీ తెరిచే దాకా ఉండే నెలల్ని ఆ దీవిలో అలాగే పిలుస్తారు. నరకడానికి చెరకు ఉండదు, వండడానికి బియ్యం ఉండదు. చిలగడదుంప ఆకు ఉడికించిన నీళ్ళు తాగి క్రిసాంత కుట్టుమిషను తొక్కింది. తమ పాక కోసం ఆఖరున కుట్టిన ముప్ఫయ్యో జెండా దగ్గర కళ్ళు తిరిగాయి. గుడ్డ తిరగబడింది. ముడి ఎరుపు వైపు పడింది.

సెన్యోర్ లియాండ్రోకు దేశమంటే ప్రాణం. ఆయన పూర్వీకులు స్పెయిన్ దొరల కాలంలో స్పెయిన్‌ను, అమెరికా దొరల కాలంలో అమెరికాను, జపాన్ సైన్యం ఉన్న మూడేళ్ళూ జపాన్‌ను ఇంతే ప్రాణంగా ప్రేమించారు. జెండాలు మారాయి గానీ భూమి చెయ్యి మారలేదు. పండుగనాడు ఆయన పైనాపిల్ నారతో నేసిన పల్చటి చొక్కా తొడుక్కుని, మన సంస్కృతి మన ఊపిరి అని మైకులో చెబుతాడు. కూలీ ఆడవాళ్ళు సీతాకోక చేతుల జాకెట్లు వేసుకుని వెదురు బొంగుల మధ్య గెంతుతూ ఆ సంస్కృతిని చూపించాలి. ఆట అయ్యాక జాకెట్లు వాపసు ఇచ్చెయ్యాలి.

తోట అంచున వాగు పక్కన పదిహేనెకరాలుంది. తొమ్మిదేళ్ళ కింద ప్రభుత్వం అది కూలీలదేనని పట్టా ఇచ్చింది. పట్టా ఇచ్చిన ప్రభుత్వమే అందులో కాలు పెట్టనివ్వలేదు. ఈ మార్చిలో ముప్ఫై పాకలవాళ్ళూ కలిసి కంచె దాటారు. ఆడా మగా వాగులోంచి బిందెలతో నీళ్ళు మోసి మొక్కజొన్న వేశారు. జూన్ వచ్చేసరికి కంకి పాలు పట్టింది. ఇంకో మూడు వారాలు ఆగితే చచ్చిన కాలం గట్టెక్కుతుంది. కానీ చేని చుట్టూ సెన్యోర్ కాపలా పెట్టాడు. పన్నెండున జెండా వందనం అయ్యాక మంత్రిగారి చేత అందులోనే మొదటి ట్రాక్టరు నడిపించి, ఆ భూమిని కంపెనీకి అప్పజెబుతారు. ఆ కంకులు పోతే పిల్లలు పోతారు. అందులో దాపరికమేమీ లేదు, అందరికీ తెలుసు.

నాలుగోనాడు పట్నం జైల్లో తండ్రిని చూడనిచ్చారు. ఉడికించిన కర్రపెండలం ఆకులో చుట్టి తీసుకెళ్ళింది. ఊచల్లోంచి చేతులు తడుముకుంటూ వచ్చాడు.

"ముడి నా వేలికి తగిలిందే," అన్నాడు మెల్లగా. "ఎప్పట్లాగే చూసుకునే కట్టాను."

"నేనే నాన్నా. ఎరుపు వైపు వేసేశాను. ఇప్పుడే వెళ్ళి ఆఫీసర్‌తో చెప్తా..."

"నోర్ముయ్." కూతురి మణికట్టు దొరకబుచ్చుకుని గట్టిగా నొక్కాడు. "చెప్తే నిన్నూ లోపలేస్తారు. వదిలెయ్యి. గుడ్డోడు పొరపాటు పడ్డాడు, అంతే. ముడి మాట ఎక్కడా అనకు."

"కొడుతున్నారా నాన్నా?"

"పెండలం మెత్తగా ఉడికింది," అన్నాడు. కాసేపు నమిలి, మళ్ళీ అన్నాడు. "ఏదో కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటున్నారు తల్లీ. నేను కొండల్లోవాళ్ళ మనిషినంట, జెండాతో కబురంపానంట. చచ్చినా వెయ్యనన్నాను. ముప్ఫై ఏళ్ళలో ఒక్కరోజు దాన్ని నేలకి తగలనిచ్చానా? వానలో తడవనిచ్చానా? జెండాని అవమానించినోణ్ణని మాత్రం నన్ను అనిపించకు. ఇంటికి రాకపోయినా ఫర్వాలేదు."

ఆమె ఏడ్చింది. ఆయన కళ్ళలోంచీ నీళ్ళు కారాయి. అవి ఏడుపువో శుక్లాలవో చెప్పడం కష్టం.

ఆ మధ్యాహ్నం ప్రార్థన షెడ్డులో అందరూ చేరారు. వాన రేకుల మీద దంచుతోంది. గొంతు చించుకుంటే తప్ప పక్కవాడి మాట వినపడదు. మీద నిఘా ఉన్నవాళ్ళకు అది మంచి వాన.

పొలికార్పో ముందే కబురు తెచ్చి పడేసి పోయాడు. పన్నెండున ఆడవాళ్ళు బుద్ధిగా ఆడితే, మంత్రిగారి ముందు నోరెత్తకపోతే, ముసలాణ్ణి వదిలేయిస్తానని సెన్యోర్ మాట.

"ఎందుకాడాలి?" చెరకు నరికే తిబుర్సియో లేచాడు. పాతికేళ్ళవాడు, మాట ఎప్పుడూ చేతికంటే ముందుంటుంది. "తాత కావాలనే కట్టాడు! మనందరికీ చెప్పాడాయన. ఇది యుద్ధంరా, ఇంకా ఎన్నాళ్ళు నీలం పైన పెట్టుకుని పడుంటారని చెప్పాడు! గుడ్డోడికి కనపడింది కళ్ళున్న మనకి కనపళ్ళా!"

"నీ నోరు పడిపోనూ," అంది వెనక నుంచి ఒక ముసలామె. "నువ్వు ఉపన్యాసం చెప్పి ఇంటికి పోతావు. తన్నులు తినేది ఆయన. ఆడదాం. గెంతితే కాళ్ళు అరుగుతాయా? ఆయన ఇంటికొస్తాడు."

"ఆయనొస్తాడు, చేను పోతుంది! అదే పూట!"

"చేను ఎలాగూ పోయేదే. ట్రాక్టరుకి అడ్డం పడతావా? పోయినసారి గడప దాటిన ఇద్దరూ ఏరి?"

అందరూ ఒకేసారి అరవడం మొదలెట్టారు. కలుపు తీసే ఆడవాళ్ళ జట్టుకు పెద్ద దెల్ఫీనా. యాభై దాటిన మనిషి. బల్లమీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. చచ్చిపోయిన ఇద్దరిలో ఒకడు ఆమె భర్త. అందుకే ఆమె లేస్తే అందరూ ఊరుకుంటారు.

"క్రిసాంతా, నువ్వు చెప్పవే. మీ నాన్న కావాలని కట్టాడా?"

అరవై జతల కళ్ళు ఆమె మీద పడ్డాయి. ఆ కళ్ళలో ఏం కావాలో ఆమెకు కనిపిస్తూనే ఉంది. ఇన్నేళ్ళ తర్వాత తమలో ఒకడు తలెత్తాడని వినాలి వాళ్ళకు. కాదు, అది నా ఆకలి, నా దారపు ముడి అని ఎలా చెప్పడం?

"ముప్ఫై ఏళ్ళు జెండా ఎక్కించినోడు," అంది చివరికి. "ఏ రంగు పైకి రావాలో ఆయనకి తెలీదా?"

షెడ్డు హోరెత్తింది. తిబుర్సియో పిడికిలెత్తాడు. క్రిసాంతకు తన గొంతు తనకే అసహ్యమేసింది. అయినా ఆట మాటకొచ్చేసరికి, ఆయన ఇంటికి రావాలి, నేను ఆడతాను అంది. తక్కినవాళ్ళూ తలలూపారు. అవమానాన్ని కూడా అందరూ కలిసే దిగమింగారు. ఆ రోజుకు వాళ్ళ ఐకమత్యం అంతవరకే.

తొమ్మిదో తేదీన గౌదెన్సియో ఇంటికొచ్చాడు. పట్నం నుంచి కూరగాయల వ్యానులో, టార్పాలిన్‌లో చుట్టుకుని వచ్చాడు. గుండె ఆగిందని రాసిన కాగితం కూడా ఇచ్చారు. ఒళ్ళు కడుగుతుంటే కుడి బొటనవేలు సిరా రంగులో కనిపించింది. క్రిసాంత సబ్బుతో రుద్దింది, బూడిదతో రుద్దింది. సిరా వదల్లేదు. బతికుండగా వెయ్యని ముద్ర, చచ్చాక వేయించుకున్నారు.

పండుగ అయ్యేదాకా శవాన్ని బయటికి తియ్యొద్దని పొలికార్పో వచ్చి చెప్పాడు. ఈసారి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి చూడలేదు. ఆట మాత్రం ఆడాల్సిందేనట. ఆడకపోతే పాకలు ఖాళీ చెయ్యాలట.

ఆ మర్నాడు మధ్యాహ్నం శవపెట్టె పక్కన దెల్ఫీనా ఒక్కతే కూర్చునుంది. మిగతావాళ్ళు పెరట్లో మాడ్చిన మొక్కజొన్న కాఫీ తాగుతూ పేకాడుతున్నారు. ఆ దీవిలో శవం ఇంట్లో ఉన్నన్ని రోజులూ మనుషులు ఇలాగే మేలుకుని కూర్చుంటారు, ఆ ఇంటిని వదలరు.

"అక్కా, నేను అబద్ధం చెప్పాను," అంది క్రిసాంత. ముడి సంగతంతా చెప్పేసింది. కుట్టింది, తిరగబడింది, జైల్లో తండ్రి అన్నది అంతా. "ఆయన తిరగబడలేదు. యుద్ధం లేదు, ఏమీ లేదు. నా పొరపాటుకి ఆయన చచ్చిపోయాడు. బయటేమో వీళ్ళు ఆయన పేరు చెప్పుకుని పిడికిళ్ళెత్తుతున్నారు. చెప్పెయ్యనా?"

దెల్ఫీనా పెట్టె మీద అరచెయ్యి ఆనించింది.

"పొరపాటున కట్టినందుకు చంపారు," అంది. "తెలిసి కడితే ఇంతకంటే ఏం చేస్తారే?"

క్రిసాంత తలెత్తింది.

"మా ఆయనా అంతే. ఏమీ చెయ్యలేదు. గేటు దగ్గర నిలబడి కూలి ఎప్పుడిస్తారని అడిగాడు. ఏమీ చెయ్యకుండానే పోతున్నాం మనం. నాకు అదే కడుపు మంట." చొక్కా అంచుతో ముక్కు తుడుచుకుంది. "పెద్ద జెండా నీ దగ్గరే ఉందా?"

"ఉంది. ఎక్కించేది కూడా నేనే. దేశీ బట్టల్లో కూలీ పిల్ల ఎక్కిస్తే ఫొటోలు బాగా వస్తాయని సెన్యోర్ ముచ్చట పడ్డాడట."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో అలాంటప్పుడు నవ్వు రాకూడదు గానీ దెల్ఫీనాకు వచ్చింది. తర్వాత ఆమె ఒక్కొక్కరినే పక్కకి పిలిచి మాట్లాడింది. చేని కాపలావాళ్ళు కూడా ఆ పూట బంగళా ముందు వరసలో నిలబడాలి, చేను గంటసేపు ఖాళీ. తిబుర్సియోకి పదిమంది మగాళ్ళనీ, ఎరువు బస్తాల సంచులనీ అప్పజెప్పింది.

"జెండా పాట ఒక్కసారి పాడితే ఎంతసేపు? రెండు నిమిషాలు కూడా పట్టదు," అన్నాడు తిబుర్సియో.

"ఒక్కసారే పాడాలని ఎవడు చెప్పాడ్రా?" అంది దెల్ఫీనా.

పన్నెండో తేదీ ఎండ బాగా కాసింది. బంగళా ముందు షామియానా, బ్యాండు, కుర్చీలు. మంత్రిగారు, కంపెనీవాళ్ళు, సైనికుల వరస. సెన్యోర్ లియాండ్రో పైనాపిల్ నార చొక్కాలో మెరిసిపోతున్నాడు. సీతాకోక చేతుల జాకెట్లలో ఆడవాళ్ళు వెదురు బొంగులు పట్టుకుని నిలబడ్డారు. ముందు జెండా, తర్వాత ఆట, ఆ తర్వాత ట్రాక్టరు.

క్రిసాంత స్తంభం దగ్గరికి నడిచింది. జెండాను చుట్టగా చుట్టి తండ్రి నేర్పిన ముడితో తాడుకు కట్టింది. ఆయనంత నేర్పుగా కట్టేది ఆమె ఒక్కతే. బ్యాండు మొదలైంది. అందరి చేతులూ గుండెల మీదికి వెళ్ళాయి. సైనికులు సెల్యూట్ కొట్టారు. తాడు లాగింది. చుట్ట పైకి వెళ్ళి, కొసన ఒక్క గుంజుకు విచ్చుకుంది.

ఎరుపు పైన. నీలం కింద.

సెన్యోర్ మొహంలో రక్తం ఇంకిపోయింది. మంత్రిగారి కళ్ళు పైకి వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. కానీ జాతీయగీతం నడుస్తోంది. గీతం నడుస్తున్నంతసేపు కదలకూడదు, చట్టం. ముప్ఫై ఏళ్ళు గౌదెన్సియో చెవులు మెలిపెట్టి నేర్పిన చట్టం. సెన్యోర్ కదల్లేడు, మంత్రి కదల్లేడు, సెల్యూట్‌లో ఉన్న సైనికుడు అస్సలు కదల్లేడు. ఆ నేలమీద మొదటిసారిగా దొరా కూలీ ఒకే తీరున, గుండెమీద చెయ్యేసుకుని, ఆ యుద్ధం జెండా కింద నిలబడ్డారు.

గీతం ముగిసింది. మేస్త్రీ అడుగు ముందుకు వేసేలోపలే దెల్ఫీనా మొదటి లైను మళ్ళీ ఎత్తుకుంది. బ్యాండు లేదు, ఒక్క గొంతు. పక్కనున్న ముసలామె అందుకుంది. ఆ తర్వాత నలభై మంది అందుకున్నారు. దించిన చేతులు తికమకగా మళ్ళీ గుండెల మీదికి లేచాయి. ఫొటోలవాళ్ళు చూస్తున్నారు, ఎవరు కాదంటారు? సెన్యోర్ పెదవులు పాట పాడుతున్నాయి, కళ్ళు మాత్రం పొలికార్పోని నరుకుతున్నాయి.

దూరంగా చేలో పాలు పట్టిన కంకులు విరుస్తున్న చప్పుడు గాలికి వినిపించింది.

మూడోసారి ఎత్తుకునేసరికి గొంతులు బొంగురుపోయాయి. ఖాళీ కడుపులు ఎంతసేపు పాడతాయి? ఒకామె కళ్ళు తిరిగి బొంగు పట్టుకుని కూలబడింది, కూలబడే పాడింది. సగం గీతం దగ్గర సైనికుల ఆఫీసర్ చెయ్యి దించేశాడు. దేశభక్తి అక్కడికి చాలనుకున్నాడు. గాల్లో తుపాకీ పేలింది. స్తంభం చుట్టూ బొంగులు అడ్డంపెట్టి నిలబడ్డ ఆడవాళ్ళ మీద లాఠీలు పడ్డాయి. జాకెట్ల సీతాకోక చేతులు చిరిగి నేలమీద పడ్డాయి. జెండా దిగేసరికి దెల్ఫీనా తల పగిలి ఉంది. క్రిసాంత చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి.

ట్రాక్టరు మంత్రి కోసం ఆగలేదు. జీపులోంచి క్రిసాంత చూసింది. తిబుర్సియోవాళ్ళు తొమ్మిది సంచులు మాత్రం మోసుకుపోగలిగారు. మిగతా చేనంతా చక్రాల కింద పచ్చిగా నలుగుతోంది, పాలు మట్టిలో కలిసిపోతున్నాయి. ముప్ఫై పాకలకు తొమ్మిది సంచుల పచ్చి కంకులు పది రోజులైనా రావు. తర్వాత ఏం తింటారో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. పాకల వరస పక్క నుంచి వెళ్తుంటే ఏడు గుమ్మాల దగ్గర జెండాలు ఎరుపు పైకి తిరిగి ఉన్నాయి. మిగతావి నీలమే. పేకాటవాళ్ళు తన తండ్రి పెట్టెను భుజాలకెత్తుకుని, ఎవరి అనుమతీ లేకుండా, శ్మశానం వైపు నడుస్తున్నారు.

పట్నంలో పోలీసు ఆఫీసర్ ఆమె చేతుల కట్లు విప్పించి, ఫ్యాను కింద కూర్చుని మర్యాదగానే మాట్లాడాడు. మనీలా పేపర్లలో యుద్ధం జెండా ఫొటో వస్తే సెన్యోర్‌కూ మంత్రికీ ఇబ్బంది. కాగితం అప్పటికే టైపు చేసి ఉంది.

"పొరపాటున తిరగబడింది, అంతే కదమ్మా? ఆ మాట ఒప్పుకో. సాయంత్రానికి ఇంటికెళ్ళి మీ నాన్నని పూడ్చుకోవచ్చు. కావాలని కట్టానంటే మాత్రం ఎన్నేళ్ళో నాకే తెలీదు. బాగా ఆలోచించుకుని చెప్పు."

క్రిసాంత ఆలోచించుకుంది. కుట్టుమిషను గుర్తొచ్చింది. సబ్బుకీ సిరా వదలని బొటనవేలు గుర్తొచ్చింది.

"మా నాన్న పాక మీద ఎగిరింది పొరపాటే," అంది. "అది ఆయనది కాదు, నాది. నీలానికి వెయ్యాల్సిన ముడి ఎరుపుకి వేశాను. ఆయన జెండాని ఏనాడూ అవమానించలేదు. ముందు అది రాసుకోండి. ఇవాళ్టిది పొరపాటు కాదు. అదీ నాదే. అదీ రాసుకోండి."

ఆఫీసర్ టైపు చేసిన కాగితాన్ని పక్కకు నెట్టి, తెల్ల కాగితం తీసుకుని రాశాడు. రాయడం అయ్యాక సిరా పెట్టె ఆమె ముందుకు జరిపాడు. క్రిసాంత చేతులు వెనక్కి తీసుకుంది.

"కలమివ్వండి," అంది. "నాకు సంతకం వచ్చు."